ఎంత ఘోరంగా పాడైంది?

ముప్పై రెండేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన టీచరు, మోకాళ్లు పట్టేసిన అక్కతో ఐదో అంతస్తులో ఉండేది. లిఫ్టు ఆగిపోయిన రోజు నుంచీ అక్క గడప దాటలేదు. అందుకని లిఫ్టు కంపెనీ ఫిర్యాదు ఫారం టీచరే తెప్పించి నింపింది. లిఫ్టు ఎంత ఘోరంగా పాడైందో ఒక్క ఇంగ్లీషు మాటలో రాయమని అందులో ఒక గడి ఉంది. ఆ మాట తీవ్రతను బట్టే మనిషిని పంపుతారట.

టీచరు మర్యాదస్తురాలు. 'బ్యాడ్లీ' అని రాసి ఊరుకుంది. పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే, బ్యాడ్లీ అంటే ఓర్చుకోగలరని అర్థమనీ, దానికి నలభై రోజులు పడుతుందనీ గుమాస్తా చెప్పాడు. సరేనని 'షేమ్‌ఫుల్లీ' అని రాసింది. సిగ్గుపడాల్సింది లిఫ్టో, కంపెనీయో తేల్చి చెప్పమని ఉత్తరం వచ్చింది. ఒళ్లు మండి 'డిస్‌గ్రేస్‌ఫుల్లీ' అని రాస్తే, రెండు మాటలకీ అర్థం ఒకటే కాబట్టి పాత ఫిర్యాదే మళ్లీ పెట్టారని కొట్టేశారు.

దాంతో టీచరుకి రోషం వచ్చింది. లిఫ్టు సంగతి ఎలా ఉన్నా, మాట అర్థం దగ్గర తేడా వస్తే ఆమె సహించలేదు. ఫోన్ అందుకుని, మొదటి మాట తప్పు చేసినవాడి మనసుకి తగలాలనీ, రెండోది నలుగురిలో వాడి పరువు తియ్యాలనీ అరగంట పాఠం చెప్పింది. గుమాస్తా బుద్ధిగా రాసుకున్నాడు.

"ఇంకా గట్టి మాట ఏమైనా ఉందాండీ?" అని కూడా అడిగాడు.

ఉందని 'అవుట్‌రేజియస్లీ' పంపింది. ఆ మాట జనం ఎక్కువగా ధరల మీద వాడతారట. ధరల విభాగం నుంచి ఒక పెద్దమనిషి మెట్లెక్కి వచ్చి, లిఫ్టు ఫీజు న్యాయంగానే ఉందని రొప్పుతూ చెప్పి, మంచినీళ్లు తాగి వెళ్లాడు. 'డిప్లోరబ్లీ'లో వాళ్లకి విచారం కనబడింది. ఇద్దరు మనుషులు సంతాపం చెబుతూ పూలగుత్తి మోసుకొచ్చారు. 'అట్రోషస్లీ' అంటే దౌర్జన్యమేదో జరిగిందనుకుని సెక్యూరిటీ వాళ్లు దిగబడి, ఎవర్ని ఎవరు కొట్టారో చెప్పమని కూర్చున్నారు. కంపెనీలో ఉన్నవాళ్లంతా ఐదంతస్తులూ ఎక్కారు, మెకానిక్ తప్ప.

టీచరు మాత్రం పట్టు వదల్లేదు. డిక్షనరీ ముందేసుకుని, ఇంకా వాడని తిట్లు నోటుపుస్తకంలో ఎక్కిస్తూ కూర్చుంది. అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే, ఉద్యోగం మానేశాక ఆమె ఇంత హుషారుగా ఉన్నది ఇప్పుడే.

"నీ ఒక్కో మాటకీ ఒక్కో మనిషి వస్తున్నాడు, నాకూ పొద్దుపోతోంది. కానీ చెల్లీ, నాకు కిందికి వెళ్లాలనుందే," అంది అక్క.

టీచరు తలెత్తి చూసింది. అక్క బయటికి వేసుకెళ్లే చెప్పులు తొడుక్కుని కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఎన్నాళ్లుగా అలా తొడుక్కుంటోందో టీచరు గమనించనే లేదు. పుస్తకం మూసేసింది.

మర్నాడు పొద్దున్నే అక్క బాల్కనీలోంచి కిందికి చూస్తే, ఎదురింటి లిఫ్టు బాగుచేసి సామాను సర్దుకుంటున్న మెకానిక్ కనిపించాడు. "ఇదిగో నాయనా, మా లిఫ్టు కూడా ఒకసారి చూసిపో," అని కేకేసింది. అతను వచ్చి, తలుపు గాడిలో ఇరుక్కున్న చొక్కా గుండీ ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది.

సంగతి చెప్పి ఫిర్యాదు వెనక్కి తీసుకుందామని టీచరు ఫోన్ చేసింది. ఆ ఫిర్యాదు మూసేదాకా లిఫ్టు పాడైనట్టే లెక్క అన్నాడు గుమాస్తా. ఇప్పుడు ఎంత బాగా నడుస్తోందో చెబితే, ఆ గడిలోనే రాసి మూసేస్తాడట.

టీచరు నోరు తెరిచింది. యాభై రోజులు తిట్లే వెతికిన నోటికి మెచ్చుకునే మాట ఒక్కటీ తట్టలేదు. చివరికి ఎలాగో 'ఆఫుల్లీ వెల్' అంది. ఆఫుల్లీ అంటే ఘోరంగా అనే అర్థం కానీ, మంచి మాట ముందు పెడితే మహా బాగా అని వస్తుందని వివరించింది కూడా.

గుమాస్తా బుద్ధిగా గడిలో ఎక్కించాడు.

"గడిలో ఒక్క మాటే పట్టిందండీ," అన్నాడు గుమాస్తా దిగులుగా. "వెల్ పట్టలేదు. కొత్త ఫిర్యాదు కింద నమోదైపోయింది."

టీచరు ఏదో చెప్పబోతూ బాల్కనీలోంచి చూసింది. కింద రోడ్డు పక్కన, ఎండలో, అక్క చేతులూపుకుంటూ మెల్లగా నడుస్తోంది. టీచరు గుమాస్తాకి దణ్ణం పెట్టి, ఫోన్ పెట్టేసి, చెప్పులు వేసుకుని లిఫ్టు ఎక్కింది.