వెనక తలుపు తాళం

రొయ్యల షెడ్డులో అమ్మోనియా గ్యాసు లీకైన రోజు వెనక తలుపుకి బయటినుంచి తాళం వేసి ఉంది. రొయ్యలు పట్టుకుపోతారని ఆడవాళ్ళని లోపల పెట్టి తాళం వేయించే యజమాని, వాళ్ళు ఊపిరాడక తలుపు బాదుతుంటే మాత్రం ఊళ్ళో లేడు. పధ్నాలుగు మందిని నరసాపురం ఆసుపత్రికి మోశారు. సంపూర్ణమ్మ తిరిగి రాలేదు.

తలుపు తుప్పు పట్టి బిగుసుకుపోయిందనీ, తాళం అసలు లేనే లేదనీ కంపెనీ చెప్పింది. సోమవారం ప్రభుత్వ ఎంక్వైరీ అన్నారు.

తాళం వేసింది సూపర్‌వైజర్ చంద్రరావు. చివరికి వచ్చి తీసి జేబులో వేసుకున్నదీ అతనే. కళ్ళారా చూసింది బయట ఐసు దించుతున్న లియాన్ ఒక్కడే.

లియాన్‌ది బర్మా. సైన్యం ఊరు తగలబెడితే భార్యనీ కూతుర్నీ తీసుకుని కొండలు దాటి వచ్చాడు. మూడేళ్ళుగా షెడ్డులో అందరికీ అతను 'మణిపూర్ అబ్బాయి'. కాదని చెప్పేంత తెలుగు వచ్చేసరికి చెప్పాలన్న కోరిక పోయింది. రెండొందల మంది మధ్య ఒంటరిగా బస్తాలు మోసి, ఒంటరిగా అన్నం తినేవాడు. కూతురు బళ్ళో తెలుగు చదువుతోందన్నదొక్కటే అతనికి సంతోషం.

చంద్రరావు అతని గదికే వచ్చాడు. "నీది మణిపూర్ కాదని నాకు తెలుసు. ఎంక్వైరీలో నోరిప్పావంటే పోలీసులకి చెప్తాను. పెళ్ళాం పిల్లతో సహా మీ దేశం పంపించేస్తారు."

అక్కడికి పంపడమంటే చంపడమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లియాన్ తల ఊపాడు.

గేటు దగ్గర నలుగురు చేరితే కంపెనీ తరిమేస్తుంది. చనిపోయినవాళ్ళ కోసం చర్చివాళ్ళు పెట్టుకునే ఆదరణ కూడికని తరమలేదు. అందుకే ఆదివారం, సంపూర్ణమ్మ పక్కనే రొయ్యలు వలిచిన రెబెక్కా ఇంట్లో అందరూ చేరారు. ఎవరి కోసం ఏం ప్రార్థించాలో లేచి మనవులు చెప్పమన్నారు పాస్టరుగారు. ఒకామె మోకాళ్ళ నొప్పి చెప్పింది, ఇంకొకామె కొడుకు పరీక్ష చెప్పింది. లియాన్ వంతు వచ్చింది. అతని కొండల్లో చర్చిలో అలా లేచినవాడు తప్పు ఒప్పుకోవాలి. ఇక్కడా అంతే అనుకున్నాడు.

"తాళం చంద్రరావుగారు వేశారు. నేను చూశాను. చెప్పలేదు. నన్ను క్షమించమని దేవుణ్ణి అడగండి."



"ఎంక్వైరీలో చెప్తావా మరి?" అంది రెబెక్కా.

"నాది మణిపూర్ కాదండి, బర్మా. కాగితాల్లేవు. పంపేస్తారు."

"మన గొడవలోకి ఆణ్ణి లాగటం ఎందుకమ్మా?" అన్నాడు కంపెనీ బస్సు నడిపే వీరబాబు.

"కాగితాలున్నోళ్ళం ఏం చేశాం? రోజూ తాళం ఏత్తారని మనలో ఎవరికి తెలీదు? ఎప్పుడన్నా అడిగామా?" అంది రెబెక్కా. "ఈయనెనకాల మనమూ చెప్దాం. ఈయన మీద చెయ్యేత్తే కంపెనీ బస్సు ఎవరూ ఎక్కొద్దు."

సోమవారం ఎంక్వైరీలో లియాన్ చెప్పాడు. అతని వెనక నలభై మంది వరసగా నిలబడి చెప్పారు. సాయంత్రం పోలీసులు వచ్చి అతన్నొక్కణ్ణే పట్టుకుపోయారు.

మర్నాడు పొద్దున్నే వీరబాబు ఊరూరా హారన్ కొట్టాడు. ఒక్కరూ ఎక్కలేదు. ఖాళీ బస్సు తెచ్చి స్టేషన్ ముందు ఆపి, తానూ దిగి, అప్పటికే అక్కడ బైఠాయించిన ఆడవాళ్ళ పక్కన కూర్చున్నాడు.

"పరాయి దేశంవాడి కోసం పని మానేస్తారా?" ఎస్సై కసిరాడు. "అతను మీకేమవుతాడమ్మా?"

"మా షెడ్డు మనిషండి," అంది రెబెక్కా.

"చాల్లే, వెళ్ళండి ఇళ్ళకి."

లాకప్పులో లియాన్ చెవి రిక్కించాడు. అందరికంటే ముందు పలికిన గొంతు అతని భార్యది. మూడేళ్ళలో ఆమె పరాయివాళ్ళ ముందు తెలుగు మాట్లాడటం అతను ఎన్నడూ వినలేదు.

"మేము వెళ్ళమండి."