చాపిన కాళ్ళు

కటక్‌లో మా వీధి పిల్లల్లో సగంమంది నా కాళ్ళమీద బోర్లా పడుకున్నవాళ్ళే. కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డను బోర్లా వేసుకుని, ఆవనూనెతో వీపు మర్దన చేస్తాను. మొదట్లో కయ్యిమంటారు, తర్వాత తల ఎత్తి చూస్తారు. మహంతి వాళ్ళ బిభూతి కూడా అలా ఎత్తినవాడే. ఇరవై ఒకటో రోజు పండగకు, మర్దన చేసిన మనిషి ఒళ్ళోనే బిడ్డను చుట్టాలకు చూపించడం ఆ ఇంటి ఆనవాయితీ. బిభూతిని చూపించింది నేనే. వాడి కొడుకునూ నేనే చూపించాలని నా ఆశ.

వాడికి కొడుకు పుట్టి, బొడ్డు ఊడాక మర్దనకు పిలిచారు. మర్దన మొదలెట్టిన మూడో రోజు బిడ్డను తొలిసారి బోర్లా వేసేసరికి బిభూతి భార్య లిప్సా గావుకేక పెట్టింది.

"మౌసీ, వాడి గుండె నలిగిపోతుంది! తియ్యి, తియ్యి!"

"నీ మొగుడి గుండె నలగలేదుగా అమ్మా! నిన్ను చేసుకునేంత ధైర్యంగానే ఉంది."

నవ్వుతుందనుకున్నాను. నా నోటి దూల. సాయంత్రం బిభూతి మా గుమ్మంలో నిలబడి, "రేపట్నుంచి రావద్దులే మౌసీ. నీకూ వయసైపోయింది" అన్నాడు.

వారం తిరక్కుండా పిల్లల డాక్టరు, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు రోజూ కాసేపు బోర్లా వేసి, దగ్గరుండి చూసుకోమన్నాడట. పరుపు కొన్నారు. దానిమీద వేస్తే వాడు ఒకటే ఏడుపు. గోడ ఇవతల మా ఇంట్లో నాకు వినిపించేది. ఇవాళ పిలుస్తారు, రేపు పిలుస్తారని ఆవనూనె వెచ్చచేసి పెట్టుకునేదాన్ని. సిగ్గులేనిదాన్ని.

పండగకు మాత్రం కబురొచ్చింది. ఉతికిన చీర కట్టుకుని వెళ్ళాను. చుట్టాల ముందు లిప్సా బిడ్డను పరుపుమీద బోర్లా వేసింది. వాడు గుక్కపట్టాడు. ఆమె ఒక్క క్షణం నావైపు చూసింది. తర్వాత నేలమీద చతికిలబడి, కాళ్ళు చాపి, అచ్చం నాలాగే వాణ్ణి కాళ్ళమీద బోర్లా వేసుకుంది. ఏడుపు ఆగింది. వాడి తల వణుకుతూ పైకి లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎక్కడ నేర్చుకున్నావే?" అంది ఎవరో పిన్ని.

"డాక్టరుగారు చెప్పారు" అంది లిప్సా.

అయినా ఆనవాయితీ ఉందిగా అని ముందుకెళ్ళి చేతులు చాపాను. బిభూతి ఆ చేతుల్లో ఖిరి, అదే పాయసం, గిన్నె పెట్టాడు.

"ఎత్తుకోకు మౌసీ, బయటినుంచి వచ్చావు. అక్కణ్ణుంచే దీవించు."

దీవించాను, బిడ్డ ఒక్కణ్ణే. ఖిరి అక్కడే గట్టుమీద పెట్టి వచ్చేశాను.