మట్టి పరీక్ష

ల్యాబు తలుపులు పొద్దున్నే తీసేది ఆయా. ఆవిడ చీపురు పట్టుకుని వచ్చేసరికే వరండా బెంచీ మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. లోపల ఏ పాత పన్నునో, చెవి వెనక ఎముకనో కాస్త పొడి చేసి డీఎన్‌ఏ పరీక్షకి పెడితే, దాని తాలూకు మనిషి వచ్చి బయట కూర్చోవడం అక్కడ మామూలే. వేల ఏళ్ల కిందటి వాళ్లు కాబట్టి తొందరపడేవారు కాదు, మాట్లాడేవారూ కాదు. "కాస్త కాళ్లెత్తండి బాబూ" అంటే ఎత్తేవారు. ఫలితం తేలిందంటే, ఎక్కాల్సిన బస్సు వచ్చినట్టు లేచి వెళ్లిపోయేవారు.

ఎముకల్ని పొడి చేసే పని డ్రిల్లమ్మది. అసలు పేరు ఉంది గానీ, పళ్ల డాక్టరు దగ్గరుండేలాంటి డ్రిల్లు పట్టుకుని రోజంతా గర్రుమనిపించే మనిషిని ఇంకేమని పిలుస్తారు? తన చెమట చుక్క పడినా పరీక్ష పాడవుతుందని, తలకి టోపీ, ముఖానికి మాస్కు, చేతులకి తొడుగులు వేసుకుని, కళ్లు మాత్రమే కనిపిస్తూ తిరిగేది. సాయంత్రం అవన్నీ విప్పేసి ఇంటికి వెళ్లేది. ఇంట్లో తల్లీ తనూ, అంతే.

ఆ ఏడాది ల్యాబుకి కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. ఎముక దొరక్కపోయినా పరవాలేదట, మట్టి చాలట. మనిషి కరిగిపోయిన చోట వాడి డీఎన్‌ఏ మట్టిని అంటిపెట్టుకుని ఉండిపోతుందట. గుహల్లో చెంచాడు మట్టి తీసి, ఇక్కడ ఎవరుండేవారో చెప్పేస్తున్నారట. డ్రిల్లమ్మ ఈ సంగతి భోజనాల దగ్గర ఏదో కబురులా చెప్పింది.

తల్లి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఏ మట్టయినా పనికొస్తుందా?"

"ఆ, పాతదైనా, కొత్తదైనా..." అంటూండగానే డ్రిల్లమ్మకి తను ఏం చేసిందో అర్థమైంది.

ఆమెకో తమ్ముడు ఉండేవాడు. ఏరు పొంగిందని తెలిసి, నీళ్లు చూసొస్తానని సైకిలు తొక్కుకుంటూ వెళ్లాడు. సైకిలు దొరికింది, వాడు దొరకలేదు. అప్పటికి వాడికి పదేళ్లు. అది జరిగి ఇరవై ఏళ్లు దాటిపోయింది. తండ్రి ఆ బెంగతోనే కన్నుమూశాడు. తల్లి మాత్రం కొడుకు పోయాడని ఇంతవరకూ ఒక్కసారి కూడా అనలేదు. "కనపడటం లేదు" అనేది, కళ్లజోడు గురించి అన్నట్టు.

మర్నాడు ల్యాబు నుంచి వచ్చేసరికి బల్ల మీద ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో నల్లటి ఒండ్రు. తల్లి చెప్పులు గుమ్మం దగ్గర బురదలో ముంచినట్టున్నాయి.

"అమ్మా, అది ఏటి మట్టి. ఎక్కడెక్కడి మనుషులుంటారో అందులో!"

"ఉండనీ. వాణ్ని చూస్తే నేను గుర్తుపట్టలేనా?"

"వస్తే ఏంటో తెలుసా నీకు? వాడు వచ్చి ఆ బెంచీ మీద కూర్చున్నాడంటే..."

"తెలుసు," అంది తల్లి. "రాకపోతే ఏంటో కూడా తెలుసు. ఇన్నేళ్లూ అదేగా చూస్తున్నాను."

డ్రిల్లమ్మ ల్యాబు పెద్దసారుతో చెప్పింది, ఆయన వద్దంటే బాగుణ్ననుకుంటూనే. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు వద్దంటే ఇంటికెలా వెళ్తావు? నేనొద్దంటే మీ అమ్మ ముఖం ఎలా చూస్తాను? పెట్టెయ్," అన్నాడు.

మొదటి డబ్బాకి భుజాన వలతో ఒక జాలరి వచ్చాడు. తర్వాతి దానికి చంకలో బట్టల మూటతో ఒక పెద్దావిడ. తల్లి రోజూ వచ్చి బెంచీ మీద ముఖాలు చూసేది. కాదని తెలిశాక, వాళ్లని అనవసరంగా నిద్ర లేపినట్టు, "ఏమనుకోకండి" అనేది. మళ్లీ డబ్బా పట్టుకుని ఏటి ఒడ్డుకి వెళ్లేది. ఆ వయసులో జారే గట్లు దిగొద్దని డ్రిల్లమ్మ బతిమాలింది, కోప్పడింది, చివరికి ఊరుకుంది. డబ్బా తెరిచిన ప్రతిసారీ వాడు రాకూడదనుకునేది. తల్లి ముఖం చూడగానే వచ్చినా బాగుణ్ననుకునేది. రెండూ ఆమె చేతిలో లేవు.

ఒక పొద్దున ఆయా లోపలికొచ్చి, "డ్రిల్లమ్మా, ఒకసారి బయటికి చూడు," అంది. ఎప్పుడూ వేళాకోళం లేకుండా మాట్లాడని మనిషి గొంతులో వేళాకోళం లేదు.

డ్రిల్లమ్మ కిటికీ అద్దంలోంచి చూసింది. బెంచీ మీద తమ్ముడు. కాళ్లు నేలకి అందక ఊగుతున్నాయి. లాగు చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తల్లి అప్పటికే గేటు దాటి వస్తోంది. డ్రిల్లమ్మ అక్కడే నిలబడిపోయింది.

తల్లి పరిగెత్తలేదు. మెల్లగా వచ్చి వాడి పక్కన కూర్చుంది. "నాన్నా," అంది.

వాడు ఆమెకేసి చూశాడు. పెద్దవాళ్లు వస్తే చోటివ్వాలని నేర్పిన పిల్లాడు కాబట్టి, కాస్త పక్కకి జరిగాడు. మళ్లీ గేటు వైపు తిరిగాడు.

"నేనేరా. అమ్మని."

వాడు బిడియంగా తలూపాడు. ఆమె తల నిమరబోతే, కొత్తవాళ్లు ముట్టుకుంటే పిల్లలు తప్పుకున్నట్టు తప్పుకున్నాడు. వాడు ఎదురుచూస్తున్నది అమ్మ కోసమే. నల్లటి జుట్టుతో, నిటారుగా, గబగబా నడిచొచ్చే అమ్మ కోసం. ఈ నెరిసిన తల ఆవిడ ఎవరో వాడికి తెలియదు.

వాడెవరో తేల్చడానికి, మట్టిలో దొరికిన డీఎన్‌ఏని డ్రిల్లమ్మ తన ఉమ్మి నమూనాతో పోల్చి చూడటం ఒక్కటే మిగిలింది. అది చేస్తే వాడు వెళ్లిపోతాడు. అందుకని ఆ పని ముట్టుకోలేదు, పెద్దసారు అడగలేదు. రోజులు గడుస్తున్నాయి. వాడికి ఎదురుపడే ధైర్యం లేక డ్రిల్లమ్మ వెనక తలుపు గుండా వచ్చి వెళ్లేది. తల్లి వాడి పక్కన కూర్చుని చిన్నప్పటి కబుర్లన్నీ చెప్పేది. వాడు వినేవాడు కాదు. బడి వదిలాక అందరినీ ఇంటివాళ్లు తీసుకెళ్లిపోగా, ఒక్కడే మిగిలిపోయిన పిల్లాడిలా అయిపోయాడు. ఒక మధ్యాహ్నం చప్పుడు లేకుండా ఏడవడం మొదలుపెట్టాడు. తల్లి ఎంత సముదాయించినా ఆగలేదు.

లోపలి నుంచి అది చూసి డ్రిల్లమ్మ ఉండబట్టలేకపోయింది. టోపీ, మాస్కు లాగిపారేసి వరండాలోకి వచ్చింది.

వాడు టక్కున లేచి నిలబడ్డాడు. ఏడుపు ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది.

డ్రిల్లమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. వాడు చూస్తున్నది తననే. అప్పటి తల్లి వయసే ఇప్పుడు తనకి. అదే నుదురు, అదే జుట్టు.

తల్లికి కూడా తెలిసిపోయింది. ఒళ్లోని తన ముడతల చేతులు చూసుకుంది. తర్వాత, "వెళ్లవే," అంది.

"నావల్ల కాదమ్మా."

"వాడికి నేనెవరో ముసలిదాన్ని. నువ్వే నేను. వెళ్లు."

"వెళ్లి ఏం చెప్పను?"

"తిట్టు. నేనైతే ముందు తిట్టేదాన్ని."

డ్రిల్లమ్మ వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఎక్కడికి పోయావురా ఇంతసేపు? ఎంత కంగారుపడ్డామో తెలుసా? ఇంకోసారి ఇలా చేస్తే కాళ్లు విరగ్గొడతాను," అంది. వాడు తప్పు చేసినవాడిలా తల దించుకుని, ఎంతో తేలికపడినట్టు నవ్వి, ఆమె మెడ చుట్టూ చేతులు వేశాడు. వాడి ఒళ్లు ఏటి అడుగు రాయిలా తడిగా, చల్లగా ఉంది. వాడి భుజం మీదుగా చూస్తే తల్లి కనిపించింది. ఆ తిట్లే ఆవిడ పెదవులూ అంటున్నాయి, పైకి వినపడకుండా.

పెద్దసారు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తల్లి ఆయనకేసి చూసి తల ఊపింది. ఆయన మిగిలిన ఆ ఒక్క పరీక్షా చేయడానికి లోపలికి వెళ్లాడు.

కాసేపటికి డ్రిల్లమ్మ మెడ చుట్టూ చేతులు వదులయ్యాయి. వాడు గేటు దాకా నడిచి, ఒకసారి వెనక్కి తిరిగి ఆమెకి చెయ్యి ఊపి, వెళ్లిపోయాడు.

సాయంత్రం బస్సులో తల్లీ కూతుళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. చాలా దూరం వెళ్లాక తల్లి అడిగింది.

"ఒళ్లు చల్లగా ఉందా వాడికి?"

"లేదమ్మా," అంది కూతురు. "వెచ్చగానే ఉన్నాడు."

తల్లి తను కప్పుకున్న శాలువా తీసి, తడి ఆరని కూతురి భుజాల చుట్టూ కప్పింది.