నిండు నిమిషం

నేను ఒక కీ గడియారాన్ని. చేతికి పెట్టుకునే రకం. ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను: పొద్దున్నే నా పక్కనున్న చిన్న పిడిని వేళ్ళతో తిప్పితేనే నేను నడుస్తాను. తిప్పడం మరిస్తే మర్నాటికి ఆగిపోతాను. ఇందులో నాకు నామోషీ ఏమీ లేదు. పొద్దున్నే ఎవరో ఒకరు పలకరించకపోతే మనుషులు మాత్రం నడుస్తారా ఏమిటి?

పుట్టింది బెంగళూరు ఫ్యాక్టరీలో. తెల్లటి ముఖం, నల్లటి అంకెలు, ఎర్రటి సెకన్ల ముల్లు. ఆ ఎర్ర ముల్లు నచ్చి నరసాపురంలో దయామణి గారు నన్ను కొన్నారు. ఆవిడ ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆడవాళ్ళ గడియారాల్లో సెకన్ల ముల్లు కంటికి ఆనదని మగవాళ్ళ సైజు కొనుక్కుని, ఇరవై రెండేళ్ళపాటు నా వంక చూస్తూ నాడులు లెక్కపెట్టారు. రిటైరైన రోజున, వార్డులో అందరికన్నా చిన్నదైన కెజియా చేతికి నన్ను పెట్టి, "ఇది ఎప్పుడూ అబద్ధమాడలేదే. నువ్వూ ఆడించకు" అన్నారు.

కెజియా మంచి పిల్ల. కానీ ఆడించింది.

అరవై మంది రోగులు, ఇద్దరు నర్సులు. నాడి నిమిషం పాటు చూడాలని పుస్తకంలో ఉంటుంది. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించేయడం వార్డులో ఉంటుంది. ఇక ఊపిరి సంగతి చెప్పనే అక్కర్లేదు. రోగి ఛాతీ ఎన్నిసార్లు లేచి పడిందో కూర్చుని లెక్కపెట్టే తీరికెవరికి? అందరికీ చార్టులో పద్దెనిమిది అని రాసేసేవాళ్ళు. అరవై మందీ ఒకే లెక్కన ఊపిరి తీసే వార్డు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. పెద్ద డాక్టరు ఆ పద్దెనిమిదుల వరుస చూసి, తలాడించి సంతకం పెట్టేవాడు. నేను నోరెత్తలేదు.

పన్నెండేళ్ళ తర్వాత కెజియాకు ఇంగ్లండులో ఉద్యోగం వచ్చింది. భర్త ఇమ్మానియేలు, ఎనిమిదేళ్ళ కూతురు బ్లెస్సీ, నేనూ ఆమె వెంట బయల్దేరాం. ఇమ్మానియేలు నరసాపురంలో స్కూలు వ్యాను నడిపేవాడు. బజారులో నడుస్తుంటే ఏ సందులోంచో ఓ పిల్ల "వ్యాను అంకుల్!" అని కేకేసేది. ఆ వ్యాను తమ్ముడికి అప్పగించి, "మా బ్లెస్సీ చదువు కోసం" అని అందరికీ చెప్పి వచ్చాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆసుపత్రిలో మొదటి రోజే నాకు తలవంపులైంది. అక్కడి నర్సులకు మోచేతి కింద ఏమీ ఉండకూడదట. గాజులు వద్దు, రాళ్ళ ఉంగరం వద్దు, నేనూ వద్దు. నా బదులు చొక్కాకు పిన్నుతో గుచ్చుకునే గడియారం ఒకటిచ్చారు. రోజంతా తలకిందులుగా వేలాడేదాని గురించి నేనేమీ అనను. నన్ను వంటింటి కిటికీలో ఉప్పు డబ్బా పక్కన పెట్టారు. అప్పటికే ఆ ఇంట్లో పనిలేకుండా ఒకడున్నాడు కదా, ఇమ్మానియేలు. అతనికి నేను తోడయ్యాను.

అసలు చిక్కు వేరే ఉంది. ఉద్యోగంలో చేరినా, అక్కడ నర్సుగా పేరు నమోదు కావాలంటే చేసి చూపించే పరీక్ష ఒకటి నెగ్గాలి. రోగిగా నటించే మనిషి మంచం మీద పడుకుంటాడు, పరీక్షకులు పక్కన నిలబడి రాసుకుంటారు. పన్నెండేళ్ళు నర్సుగా చేసినదాన్ని, నాకేమిటన్న ధీమాతో వెళ్ళింది కెజియా. తప్పింది. నాడి పావు నిమిషమే చూసిందట. ఊపిరి చూడకుండానే పద్దెనిమిది రాసిందట. ఆమె రాయలేదు, చెయ్యి దానంతటదే రాసేసింది. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ తప్పితే ఉద్యోగం ఉండదు, ముగ్గురూ వెనక్కి వెళ్ళాలి.

"పన్నెండేళ్ళు అబద్ధం రాశానండీ" అని వంటింటి గోడకానుకుని ఏడ్చింది. "ఆ అరవై మందిలో ఎవరికి ఊపిరందలేదో ఏమో..."

ఆ అబద్ధాలన్నిటికీ నేనూ సాక్షినే. నాకూ సిగ్గేసింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రోజూ ఆమె డ్యూటీ నుంచి రాగానే ఇమ్మానియేలు సోఫా మీద రోగిలా పడుకునేవాడు. బ్లెస్సీ పెన్సిలు పట్టుకుని పరీక్షకురాలయ్యేది. నన్ను కిటికీలోంచి తెచ్చి స్టూలు మీద పెట్టేవారు. నేను ఆగిపోకుండా నడుస్తున్నానేమిటని ఎవరూ అడగలేదు.

మొదటి వారమంతా నాడితోనే సరిపోయింది. ఆ తర్వాత ఊపిరి. దానికి దయామణి గారు ఎప్పుడో నేర్పిన కిటుకు ఒకటుంది. లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి ఊపిరి మారిపోతుంది. అందుకని నాడి చూడటం అయిపోయినా చెయ్యి వదలకుండా, ఇంకా నాడే చూస్తున్నట్టు నటిస్తూ, గుట్టుగా ఛాతీ వంక చూడాలి. నాడికో నిమిషం, ఊపిరికో నిమిషం.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మొదలుపెట్టారు. నాడి డెబ్బై నాలుగు. కెజియా చెయ్యి వదలకుండా ఛాతీ వంక చూసింది. పావు నిమిషానికి నాలుగు, అర నిమిషానికి ఏడు. నా ఎర్ర ముల్లు ఎనిమిదో అంకె మీదికి వచ్చేసరికి అతని ఛాతీ ఆగింది. ఆ వెనకే పెద్ద నిట్టూర్పు, మధ్యలో రెండుచోట్ల తెగుతూ. కెజియా లెక్క తప్పిపోయింది.

ఆ నిట్టూర్పు నాకు కొత్త కాదు. వంటింట్లో రోజుకు పదిసార్లు వింటున్నాను. ఆమెకే కొత్త. పావు నిమిషంలో అది దొరకదు మరి.

బ్లెస్సీని పక్కింటి పిల్లతో ఆడుకోమని పంపేసింది. "ఏమైందండీ?"

"ఏం లేదే. నీ లెక్క నువ్వు చూసుకో."

"చెప్పేదాకా చెయ్యి వదల్ను."

అతను చెయ్యి లాక్కోబోయినా ఆమె వదలకపోయేసరికి చెప్పాడు. "నువ్వు తప్పావని తెలిసిన రోజున నాకు లోపల సంతోషమేసిందే. ఎల్లిపోవచ్చు గదాని. నువ్వక్కడ ఏడుస్తున్నావు, నేనేమో లోపల... ఆ మాట నీకు చెప్పలేక చస్తన్నాను. మీరిద్దరూ ఎల్లాక ఇంట్లో మాటాడే మనిషుండడు. పొద్దున్నే ఆ గడియారానికి కీ ఇత్తాను. ఇక సాయంత్రందాకా నాకింకో పని లేదు."

కెజియా నా వంక చూసింది. కోప్పడుతుందనే అనుకున్నాను.

"వారం నుంచీ రోజూ మీ చెయ్యి పట్టుకుంటన్నాను. నాకు తెలీనేలేదు" అంది. "రేపు నేను నెగ్గితే మీరు ఇలాగే ఉండిపోతారా?"

ఇమ్మానియేలు సోఫా మీద మళ్ళీ సర్దుకుని పడుకున్నాడు. "ఇక్కడా వ్యాన్లున్నాయి గదా. ముందు నువ్వు నెగ్గు."

"అయితే కదలకండి. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెడతాను."

పద్నాలుగు వచ్చింది. నేను తన చేతికి వచ్చిన ఇన్నేళ్ళకు కెజియా రాసిన నిజమైన ఊపిరి లెక్క చూసి, నాకు కళ్ళు లేకపోయినా చెమర్చినంత పనైంది.

పరీక్షకు నన్ను తీసుకెళ్ళలేదు, ఆ తలకిందులదే వెళ్ళింది. కెజియా నెగ్గింది. అంతసేపు చెయ్యి పట్టుకునేసరికి తనకు నిద్ర ముంచుకొచ్చిందని, రోగిగా పడుకున్న పెద్దాయన అన్నాడట.

ఇమ్మానియేలు పరీక్ష అంత తేలిగ్గా తెమల్లేదు. నరసాపురం రోడ్ల అలవాటు, హారను కొట్టకుండా మలుపు తిరగలేడు. రెండుసార్లు తప్పి మూడోసారి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ముసలివాళ్ళను పొద్దున వాళ్ళ కాలక్షేపం చోటికి చేర్చి, సాయంత్రం ఇళ్ళ దగ్గర దింపే వ్యాను నడుపుతున్నాడు. డ్రైవర్లకు మోచేతి కింద నిషేధమేమీ లేదు కాబట్టి, నేను కొత్త బెల్టుతో అతని చేతికెక్కాను. కీ ఇచ్చే పని మాత్రం ఇప్పటికీ అతనిదే.

నిట్టూర్పులు పూర్తిగా పోయాయని చెప్పను. ఇక అబద్ధమాడదలుచుకోలేదు. పండగలకూ, తమ్ముడు వ్యాను ఫొటో పంపినప్పుడూ వస్తుంటాయి.

సాయంత్రం కెజియా డ్యూటీ నుంచి వచ్చి, అతని పక్కన కూర్చుని, మణికట్టు పట్టుకుని నన్ను తనవైపు తిప్పుకుంటుంది. "ఏడున్నర అయిందే" అంటాడతను. ఆమె వినిపించుకోదు. టైము చూసుకుంటోందని అతను అనుకుంటాడో, అనుకున్నట్టు ఊరుకుంటాడో నాకు తెలియదు. ఊపిరి మాత్రం మార్చడు. నా ఎర్ర ముల్లు ఎనిమిదో అంకె దగ్గరికి వచ్చేసరికి ముగ్గురిలో నాకే ఎక్కువ భయం. అది దాటాక కూడా కెజియా తొందరపడదు. ముల్లు తిరిగి పన్నెండుకు చేరాకే చెయ్యి వదులుతుంది.