పుస్తకంలో లేని రాత్రి

రాగిణి వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ, ఉప్పెనలో పోయిన పెద్దకూతురి పేరు ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు. అమ్మ పోయాక ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. అందుకే తెల్లకలువ ప్రచురణల రామకోటేశ్వరరావు ఫోన్ చేసి, "చదివాక నిద్రపట్టలేదమ్మా, సుభాషిణి నా కళ్ళముందే తిరుగుతోంది" అనగానే రాగిణి వంటగది గడప మీదే కూర్చుని ఏడ్చింది. అక్క గురించి రాసిన ఆ నవల పంపించి అప్పటికి వారం కూడా కాలేదు.

భర్త శ్రీరామచంద్రమూర్తి బ్యాంకులో అప్పులిచ్చే సీట్లో పనిచేసి రిటైరైన మనిషి. గుళ్ళో తీర్థం పోసినా ఓసారి వాసన చూసి తాగే రకం. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నీ పుస్తకం పేరే సుభాషిణి. మొదటి కాగితం చూసినవాడికెవడికైనా ఆ పేరు తెలుస్తుంది" అన్నాడు.

"నిద్రపట్టలేదన్నారండీ."

"డబ్బు నిన్నే కట్టమన్నాడా లేదా?"

రామకోటేశ్వరరావు ప్యాకేజీ అన్నాడు. అచ్చు, ముఖచిత్రం, ఆవిష్కరణ సభ, శాలువాతో సహా. మూర్తిగారు తల పట్టుకున్నాడు.

"అసలైన పబ్లిషరైతే నీ పుస్తకం అమ్ముకుని బతుకుతాడు. వీడు నీ డబ్బుతో బతుకుతాడు. అచ్చుకాక ముందే బేరం ముగిసిపోయాక ఇంక చదవాల్సిన ఖర్మ వాడికేంటి? ఇదివరకు వాడి దగ్గర వేయించుకున్నవాళ్ళకి ఫోన్ చెయ్యి. పుస్తకాలు ఏ షాపులో దొరుకుతాయో అడుగు. ఏది నచ్చలేదో కూడా అడుగు. నిజంగా చదివినవాడికి ఏదో ఒకటి నచ్చకుండా ఉంటుందా?"

బంగారంలాంటి మాటలు. రాగిణి ఒక్కటీ చెవిన పెట్టలేదు. అక్క పేరు ఒక పరాయి మనిషి నోట అంత ఆప్యాయంగా విన్నాక, మళ్ళీ ఫోన్ చేసి షాపులూ లెక్కలూ అడగడానికి ఆమెకు మనసొప్పలేదు. అడిగితే ఆ గొంతులో ఆప్యాయత మాయమవుతుందేమోనని భయం కూడా. ఆ భయమే ఆమెకు జవాబు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తన పెన్షన్ డబ్బులోంచి కట్టేసింది.

సభ వైభవంగా జరిగింది. దండలు, శాలువాలు, జ్ఞాపికలు, హాలు నిండా బంధువులు. ఒక వక్త పుస్తకాన్ని పైకెత్తి పట్టుకుని, "ఆ ఉప్పెన రాత్రిని రచయిత్రి కళ్ళకు కట్టిన తీరు న భూతో న భవిష్యతి" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ రాత్రి అచ్చులో ఎలా ఉందో చూసుకోవాలని ముచ్చటపడి, రాగిణి వేదిక మీదే తన కాపీ తెరిచింది.

అరవై నాలుగో పేజీలో అక్క సాయంత్రం పూట ఆమెకు జడ వేస్తోంది. ఎదురు పేజీలో రొయ్యల చెరువులో తెల్లమచ్చ తెగులు లక్షణాలు ఉన్నాయి.

పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. ఆ ఫారాలను వరసగా పేర్చి కుడతారు. అదే ప్రెస్సులో, అదే సైజులో, రొయ్యల సాగు మీద తెల్లకలువవాళ్ళదే ఇంకో పుస్తకం కూడా తయారవుతోంది. బైండింగు దగ్గర రెండు పుస్తకాల ఐదో ఫారాలూ తారుమారయ్యాయి. పేజీ నంబర్లు చక్కగా కలిసిపోయాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రొయ్యల జబ్బులు ముగిశాక ఎనభై ఒకటో పేజీ మొదట్లో, "తెల్లారేసరికి తాటిచెట్టు మీద నేనొక్కదాన్నే ఉన్నాను" అని రాగిణి వాక్యం మొదలవుతుంది. ఏ తాటిచెట్టు, ఎందుకెక్కారు, ఎవరెక్కించారు, ఏదీ లేదు. నీళ్ళు ఇంట్లోకి రావడం, అక్క చెల్లెల్ని చెట్టెక్కించడం, తన ఓణీ విప్పి చెల్లెల్ని మట్టకు కట్టెయ్యడం, తనను కట్టుకోవడానికి ఇంకేమీ లేకపోవడం, అన్నీ ఆ పదహారు పేజీల్లోనే ఉన్నాయి.

పక్కవాళ్ళ కాపీ తీసి చూసింది. అదీ అంతే. మైకులో వక్త ఇంకా ఆ రాత్రినే పొగుడుతున్నాడు.

సభ అయ్యాక రామకోటేశ్వరరావును పక్కకు పిలిచింది. "మీరు నా పుస్తకం చదివారా అండీ?"

"భలేవారమ్మా, చదవకుండా ఎలా వేస్తాం?"

ఆమె పేజీ తెరిచి చూపించింది. ఆయన కాసేపు చూసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "చిన్న బైండింగు పొరపాటమ్మా. మళ్ళీ వెయ్యాలంటే ఖర్చు. ఎవరైనా అడిగితే చూద్దాం లెండి."

ఎవరూ అడగలేదు. అసలు దెబ్బ అదే. కాపీలు తీసుకున్న చుట్టాలు, స్నేహితులు, పాత కొలీగ్సు అందరూ ఫోన్లు చేశారు. "అద్భుతం రాగిణీ, కంటతడి పెట్టించావు" అన్నారు. రొయ్యలు మధ్యలో ఎందుకొచ్చాయని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. మూర్తిగారు మాత్రం నేను ముందే చెప్పాను కదా అనలేదు. మిగిలిన పుస్తకాల అట్టపెట్టెలు ముందుగదిలో గోడవారగా పేర్చి వాటి మీద దుప్పటి కప్పాడు.

ఆ పెట్టెలు ఇంటికొచ్చినప్పటి నుంచీ రాగిణికి మధ్యాహ్నాలు పడుకోవాలంటే భయం వేసేది. కరెంటు పోయి ఫ్యాను ఆగిన నిశ్శబ్దంలో, తడిసిన లంగాతో ఎవరో ఆ పెట్టెల మీద కూర్చున్నట్టు అనిపించేది. ఉప్పునీటి వాసన వచ్చేది. లేచి చూస్తే దుప్పటి పొడిగానే ఉండేది. కళ్ళు మూస్తే పద్నాలుగేళ్ళ గొంతు. "నన్నెక్కడ వదిలేశావే?" కోపం లేదు ఆ గొంతులో. తప్పిపోయిన పిల్ల దారి అడిగినట్టు ఉండేది. అక్కను ఒకసారి నీళ్ళలో పోగొట్టుకుంది, రెండోసారి తనే డబ్బిచ్చి మరీ పోగొట్టుకుంది. ఆ మాట భర్తతో కూడా చెప్పుకోలేకపోయింది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నమస్తే మేడమ్. రాగిణిగారాండీ? నా పేరు గంగరాజండీ. కైకలూరు అవతల, కొల్లేటి గట్టు మీద ఉంటామండీ. రొయ్యల చెరువులు చేస్తానండీ."

"ఎవరు కావాలండీ మీకు?"

"మీరేనండీ. మేత కంపెనీవాళ్ళు మీటింగులో రొయ్యల పుస్తకం ఇచ్చారండీ. తెగుళ్ళ గురించి చూద్దామని తీస్తే మధ్యలో ఏదో కథ ఉందండీ. పేజీల పైన మీ పేరుంది. పబ్లిషరుగారిని నాలుగుసార్లు అడిగితే మీ నంబరిచ్చారండీ."

రాగిణి మాట సరిగ్గా వినాలని ఫ్యాను ఆపేసింది.

"మా అమ్మకి చూపు ఆనదండీ. నేను చదివి వినిపించానండీ. అప్పట్నుంచీ ఒకటే గొడవ. ఆ పెద్దపిల్ల చిన్నదాన్ని కట్టేసి, తెల్లారేదాకా కళ్ళు తెరవకు అంటది కదండీ, అక్కడితో ఆగిపోయిందండీ. తర్వాతేమో మళ్ళీ రొయ్యలు. వానొస్తే చాలు, పిల్లని చెట్టు మీద వదిలేసి మనం అన్నం తినడం ఏంట్రా అంటదండీ. ఇంతకీ ఆ పెద్దపిల్ల దిగిందాండీ?"

దిగింది అని రాగిణి అంటే సరిపోతుంది. కొల్లేటి గట్టున ఒక ఇంట్లో అక్క ఇంకా చెట్టు మీదే ఉంది, ప్రాణాలతో ఉంది. ఒక్క అబద్ధంతో దించెయ్యొచ్చు. కానీ చదవకుండానే నిద్రపట్టలేదన్న మనిషి అబద్ధం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. పుస్తకానికి దొరికిన ఒకే ఒక్క ఇంటికి తను కూడా అదే పని చెయ్యలేకపోయింది.

"మీ అమ్మగారికి ఇవ్వండి" అంది.

కాస్త గలాభా, కోళ్ళ అరుపు, తర్వాత ముసలిగొంతు. "నేను పెద్దింట్లమ్మనమ్మా. పిల్ల దిగిందా?"

"లేదమ్మా. దిగలేదు. తెల్లారేసరికి లేదు. అది కథ కాదమ్మా. ఆ పిల్ల మా అక్క. సుభాషిణి."

ముసలిగొంతు ఈసారి ఇంకా దగ్గరగా వచ్చింది.

"అయితే ఆ కట్టేసిన చిన్నదానివి నువ్వేనా?"

"నేనేనమ్మా."

"మరి నువ్వు దిగావా తల్లీ?"

ఇన్నేళ్ళలో ఆమెను ఎవరూ ఈ మాట అడగలేదు. దిగానమ్మా అనబోయింది. ఫోన్ రెండు చేతులతో చెవికి అదుముకుని నేల మీద కూలబడింది. ఏడుపు ఆ చెట్టు మీది పదకొండేళ్ళ పిల్ల ఏడుపులా పెద్దగా వచ్చింది.

"ఏడు తల్లీ, ఏడు" అంది పెద్దింట్లమ్మ. "నేను ఫోన్ పెట్టనులే."

ఆమె పెట్టలేదు.