విరగని ఇరుసు

మా బావ పాత స్పోర్ట్స్ కారుకి రెండింతల బలమున్న ఇంజను బిగించింది నేనే. అప్పటినుంచి యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కితే చాలు, వెనక ఇరుసు విరిగేది. వీధి మలుపు దాటకుండానే కారు ఆగిపోయేది. బావ ఇరుసునీ, దాన్ని చేసినవాణ్ణీ కలిపి తిట్టుకుంటూ నడిచొచ్చేవాడు.

ఈసారి పాత సామాన్ల యార్డు నుంచి రెండు ఇరుసులు తెచ్చి షెడ్డులో పక్కపక్కన పెట్టి బావకి చూపించాను.

"జీపుది గట్టిదే, కానీ వెడల్పెక్కువ. చక్రాలు బయటికి పొడుచుకొస్తాయి."

"మరి ఈ వ్యానుది?"

"బరువెక్కువ బావా. కానీ ఏనుగులెక్కి తొక్కినా చెక్కుచెదరదు."

"అదే వేసెయ్. ఇక జన్మలో ఇరుసు మాటెత్తకూడదు."

మమ్మల్ని భోజనానికి పిలవడానికొచ్చిన అక్క గుమ్మంలోనే నిలబడి అంతా వింది.

"ఇది విరగదా?"

"విరగదక్కా."

"మరి బండి ఎలా ఆగుతుంది?"

బావ పగలబడి నవ్వాడు. "బ్రేకులున్నది ఎందుకే?"

నాకు నవ్వు రాలేదు. పానా చేత్తో పట్టుకుని, కారు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని లోపలికి చూశాను. బ్రేకులు పాత ఇంజను నాటివి. ఇంజను మార్చాక వాటిని గట్టిగా తొక్కే అవసరం బావకు ఒక్కసారి కూడా రాలేదు. ప్రతిసారీ ఇరుసే ముందు విరిగి, ఆయన్ని నడిపించి ఇంటికి పంపింది.