పోటు వచ్చేదాకా

లక్ష్మీతులసిది రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షచేసే ల్యాబులో ఉద్యోగం. వారమంతా సీసాల్లో నీళ్ళు చూసీ చూసీ, ఆదివారం వస్తే చాలు, అంతర్వేదిలో వాళ్ళింటి అరుగుమీద ల్యాప్‌టాప్ పెట్టుకు కూర్చునేది. ఆడేది ఒకటే ఆట, ‘దీవి దీపాలు’. ముప్పై ఏళ్ళ కిందటిది, ఐదు భాగాలు. అందులో కాల్చడాలూ తరుముకోడాలూ ఉండవు. చేత్తో గీసిన బొమ్మలో ఓ అమ్మాయి నిలబడి ఉంటుంది. మనం ఎక్కడ నొక్కితే అక్కడికి నడుస్తుంది, తలుపు తీస్తుంది, ఎదురైన మనిషిని పలకరిస్తుంది. ఎన్ని తప్పులు చేసినా చచ్చిపోదు. తొందరేం లేదు, నిదానంగా ఆలోచించుకోమన్నట్టు వెనకాల సన్నగా సంగీతం వస్తుంటుంది.

కాలేజీ రోజుల్లో స్నేహితురాలు కుసుమ ఇచ్చిన సీడీతో పట్టుకుంది ఈ పిచ్చి. రెండు భాగాలు చకచకా పూర్తిచేసింది. మూడోదాంట్లో, ఇసకలో కూరుకుపోయిన పడవ దగ్గర ఆగిపోయింది. తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉంది. ఇంటర్నెట్లో వెతికితే జవాబు దొరుకుతుంది. “అడిగి తెలుసుకుంటే ఇంక ఆడ్డం దేనికి?” అనేది.

ఆ వేసవి చేపలవేట నిషేధంలో బోట్లన్నీ ఒడ్డెక్కాయి. తండ్రి మంగరాజుకి వలలు బాగుచేసుకోడం తప్ప పనిలేదు. ఒక మధ్యాహ్నం వచ్చి కూతురి వెనకాల నిలబడ్డాడు.

“ఏంటమ్మా అది, పడవేనా?”

“ఆయ్. కదలట్లేదు నాన్నా. తాడేసి లాగేను, ఇంజనులో నూనె పోసేను, తెడ్డు పెట్టి నెట్టేను.”

మంగరాజు వంగి తెరకేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఆ రాయిమీద పాచి ఎంత ఎత్తుందో చూసేవా? నీళ్ళెక్కడున్నాయి? ఇది పాటు వేళమ్మా, నీళ్ళు వెనక్కి తీసేసేయి. ఇప్పుడు ఏనుగుని కట్టి లాగినా కదలదు. పోటు రావాలి.”

“ఆటలో పోటెలా వస్తది?”

“ఆ ముసలాయన ఏమంటాడు?”

గట్టుమీద రాతిపై ఒక ముసలివాడు ఊరికే కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు పలకరించినా ఒకటే మాట, కూర్చోమని. తులసి దాన్ని మర్యాద అనుకుంది.

“ఖాళీగా లేడే తల్లీ, నీటికోసం చూస్తన్నాడు. కూర్చోబెట్టు ఆ పిల్లని.”

పక్కనున్న రాయిమీద నొక్కింది. పిల్ల కూర్చుంది. ఏమీ జరగలేదు. తులసి మళ్ళీ నొక్కబోతే తండ్రి చెయ్యి పట్టుకు ఆపాడు. “ఉండవే.”

రెండు నిమిషాలకి పాచి కింది అంచు తడిసింది. నీళ్ళు మెల్లగా ఎగబాకాయి. పడవ ఒకసారి అటూ ఇటూ ఊగి, పైకి తేలింది.

తులసి అరిచిన అరుపుకి వంటింట్లోంచి వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చింది. మంగరాజు మాత్రం తెర మీంచి కళ్ళు తిప్పలేదు. “పాటు నీళ్ళకో రంగూ, పోటు నీళ్ళకో రంగూ వేసేరు చూడు,” అన్నాడు.

ఇక ప్రతి ఆదివారం కూతురికంటే ముందు తనే వచ్చి అరుగెక్కేవాడు. ఇంగ్లీషు మాటలు ఆమె తెలుగులో చెప్పేది, గాలీ మబ్బూ ఆయన చదివేవాడు. నాలుగో భాగంలో ఒక తాళం ఇద్దర్నీ రెండు వారాలు ఏడిపించింది. ఐదోదాంట్లో ఆయన చెప్పిందే తప్పని తేలితే పడీపడీ నవ్వాడు.

నిషేధం ముగిసేలోగా ఆటా ముగిసింది. చేసినవాళ్ళ పేర్లు కిందనుంచి పైకి పోతున్నాయి.

“నీళ్ళు గీసిందెవరో చూడమ్మా. పడవెక్కి తిరిగినోడే అయ్యుంటాడు.”

తులసి వెతికి చదివింది. “ఆడమనిషి నాన్నా. మార్తా అంట.”

మంగరాజు పక్కనున్న తువ్వాలు అందుకున్నాడు.

“అవునులే. మీ నాయనమ్మ అప్పలమ్మ ఒక్కనాడూ పడవెక్కలేదు. మాకోసం ఒడ్డున నిలబడి చూసే అంతా నేర్చుకుంది. నీళ్ళ సంగతి ఆవిడకి తెలిసినంత మా ఎవరికీ తెలీదు.” తువ్వాలు భుజాన వేసుకుంటూ లేచాడు. “ఆ మార్తమ్మగారికి రాయి. అంతర్వేదిలో మంగరాజని ఒకడున్నాడు, మీ నీళ్ళు చాలా బాగున్నాయన్నాడని రాయి.”

ఆ సాయంత్రమే తులసి ఇంటర్నెట్లో మార్తా చిరునామా వెతికి, ఆ మాటల్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో రాసి పంపించింది.